ధర్మాధర్మాలు చర్చించుకునే పిల్లల గుంపు నిలబడాలంటే

ప్రశ్న: నేను కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా టీచరు ఒకసారి గ్రీకు తత్త్వవేత్త సోక్రటీసు గురించి చెప్పిన తర్వాత మేము ఏడుగురం స్నేహితులం మధ్యాహ్న భోజనం అయ్యాక వేపచెట్టు కింద కూర్చుని ఏది న్యాయం, ఏది అన్యాయం అని మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. మొదట్లో బాగా సాగింది. తర్వాత మాలోనే ఒక అమ్మాయి, వాళ్ళ అమ్మకు జబ్బు చేసి చదవలేకపోయిన స్నేహితురాలికి పరీక్షలో జవాబు చూపించిన విషయం వచ్చింది. అది తప్పని ఒక అబ్బాయి గట్టిగా అనడంతో ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఇంకోసారి రొయ్యల గుంటల వల్ల పక్క చేలు చౌడుబారుతున్నాయని ఒకరు అన్నారు. మా నాన్న కౌలుకు గుంట తీసుకుని రొయ్యలు సాగు చేస్తారు. నాకు చాలా కోపం వచ్చి లేచి వచ్చేశాను. ఇంట్లోనేమో ముందు పదో తరగతి మార్కుల సంగతి చూసుకోమంటున్నారు. మాకు ఇంగ్లీషు అంతగా రాదు, తత్త్వశాస్త్ర పుస్తకాలు లేవు. ఈ గుంపును నిలబెట్టుకోవాలని నాకు చాలా ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? పెద్దవాళ్ళు ఎవరైనా మాతో ఉండాలా?
– ఒక విద్యార్థిని, నెల్లూరు జిల్లా

సమాధానం:

చిరంజీవికి ఆశీస్సులు. పోట్లాట జరిగాక ఎవరి దారిన వారు పోవడమే సాధారణంగా జరుగుతుంది. నువ్వు మాత్రం జరిగినదంతా ఏ పక్షమూ వహించకుండా రాశావు, నీకు కోపం వచ్చి లేచిపోయిన సంగతి కూడా దాచలేదు. ధర్మాధర్మ విచారణకు కావలసిన మొదటి గుణం అదే కాబట్టి మీ ప్రయత్నం మీద నాకు నమ్మకం కలిగింది. నీ ఉత్తరంలోని రెండు గొడవలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి మూలం ఒక్కటేనని తెలుస్తుంది. మొదటిసారి మీలో ఒక అమ్మాయి చేసిన పని చర్చనీయాంశమైంది, రెండోసారి మీ నాన్నగారి జీవనోపాధి చర్చనీయాంశమైంది. రెండుసార్లూ ప్రశ్న గురించి మాట్లాడుతున్నామని అనుకుంటూనే ఎదురుగా కూర్చున్న మనిషిని బోనులో నిలబెట్టారు. ఒకరి మీద ఒకరికి గట్టి నమ్మకం ఇంకా ఏర్పడని గుంపు అంత భారం మోయలేదు. కనుక మీకు ముందుగా కావలసినది పుస్తకాలు కాదు, ఏ ప్రశ్నను ఎప్పుడు ఎత్తుకోవాలన్న క్రమమూ, ఎలా మాట్లాడుకోవాలన్న ఒక ఒప్పందమూ.

ఎలా మాట్లాడుకోవాలన్న విషయంలో మన పూర్వులు చేసిన విభజన ఒకటి మీకు బాగా ఉపయోగపడుతుంది. మన తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా చెబుతాయి. ఇరుపక్షాలూ సత్యం తెలుసుకోవాలన్న కోరికతో ప్రమాణాలు చూపుతూ మాట్లాడుకుంటే అది వాదం. గెలుపే లక్ష్యంగా, అవసరమైతే మాటల గారడీకి కూడా దిగితే అది జల్పం. తనకంటూ ఒక అభిప్రాయం నిలబెట్టకుండా ఎదుటివారిని ఖండించడమే పనిగా పెట్టుకుంటే అది వితండం. మన బడుల్లో వక్తృత్వపు పోటీల పేరిట నేర్పేది ఎక్కువగా రెండో రకమే. చీటీ తీసి, చేతికి వచ్చిన పక్షాన్ని నమ్మినా నమ్మకపోయినా సమర్థించమంటాము. ధైర్యంగా మాట్లాడటం అలవడుతుంది కాబట్టి ఆ పోటీలు పనికిరానివని నేను అనను. అయితే తప్పొప్పుల విషయంలో ఆ అలవాటు హాని చేస్తుందనే నా అభిప్రాయం, ఎందుకంటే ఏ మాటనైనా బలంగా చెప్పగలగడం అలవాటైన పిల్లలు తాము నిజంగా ఏమి నమ్ముతున్నారో పరీక్షించుకోవడం క్రమంగా మరిచిపోతారు.

ఈ ఇబ్బందిని గుర్తించి అమెరికాలో ఒక ఆచార్యుడు వేరే దారి వెతికారు. ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో తత్త్వశాస్త్రం బోధించిన రాబర్ట్ లాడెన్‌సన్ 1993లో ఎథిక్స్ బౌల్ అనే పోటీని ప్రారంభించారు. అందులో జట్లకు ఎదురెదురు పక్షాలు కేటాయించరు. ఒక చిక్కు సమస్య ఇస్తారు, రెండు జట్లూ ఒకే అభిప్రాయానికి వచ్చినా తప్పు లేదు. న్యాయనిర్ణేతలు చూసేదల్లా ఎవరు ఎంత లోతుగా ఆలోచించారు, అవతలివారి అభ్యంతరాన్ని ఎంత శ్రద్ధగా అందుకున్నారు అన్నది. తర్వాత అది అక్కడి హైస్కూళ్ళకు కూడా చేరింది, 2013 నుంచి నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో జాతీయ స్థాయిలో జరుగుతోంది. మీరు పోటీ పెట్టుకోమని దీని అర్థం కాదు. మీ వయసు పిల్లలు ఎదుటివారిని ఓడించకుండానే గట్టిగా ఆలోచించగలరని ఆ అనుభవం చెబుతోంది.

మీ ఒప్పందంలో ఒకే ఒక నియమం పెట్టుకోదలిస్తే, పూర్వపక్షం చెప్పిన తర్వాతే సిద్ధాంతం చెప్పాలన్న మన శాస్త్రకారుల పద్ధతిని పెట్టుకోండి. అంటే ఎవరి మాటకైనా అభ్యంతరం చెప్పదలచినవారు ముందుగా ఆ మాటను తమ సొంత మాటల్లో చెప్పాలి. "అవును, నేను అన్నది అదే" అని అవతలివారు ఒప్పుకున్న తర్వాతే జవాబు ఇవ్వాలి. మన దర్శనాల గ్రంథాల్లో ఖండించబోయే అభిప్రాయాన్ని ముందు వివరంగా నిలబెట్టి, ఆ తర్వాత తమ మాట చెప్పే ఆచారం అందుకే ఏర్పడింది. చూడటానికి ఇది చాలా చిన్న నియమం. పాటించడం మొదలుపెడితే మొదటి రోజు చర్చ నత్తనడక నడుస్తుంది, కొందరికి విసుగు కూడా వస్తుంది. అయినా వదలవద్దు. తన మాట సరిగ్గా విన్నారన్న తృప్తి కలిగిన మనిషి, ఓడిపోయినా లేచి వెళ్ళిపోడు.

ఇప్పుడు మీ పరీక్ష గొడవకు ఈ నియమాన్ని అన్వయించి చూద్దాం, అది పైకి చిన్న విషయంగా కనిపించినా లోపల చాలా ఉన్నది. తప్పు అన్న అబ్బాయి మాటను న్యాయంగా చెప్పాలంటే ఇలా చెప్పాలి: రాత్రంతా కూర్చుని చదివినవారి కష్టానికి విలువ ఉండాలి, అందరికీ ఒకటే నియమం ఉన్నప్పుడు స్నేహం పేరుతో ఒకరికి మినహాయింపు ఇస్తే, స్నేహితులు లేని పిల్లలకు అన్యాయం జరుగుతుంది. ఈ చివరి మాట గమనించు, ఇది అసూయతో అన్న మాట కాదు. జవాబు చూపించిన అమ్మాయి మాటను న్యాయంగా చెప్పాలంటే ఇలా చెప్పాలి: అమ్మకు జబ్బు చేయడం ఆ పిల్ల చేసిన తప్పు కాదు, సోమరితనం వల్ల చదవకపోవడమూ, ఆసుపత్రిలో కాపలా ఉండటం వల్ల చదవలేకపోవడమూ ఒకటి కావు, అయినా పరీక్ష కాగితం రెండింటినీ ఒకే తీరుగా చూస్తుంది. ఇలా రెండు పక్షాలూ నిండుగా నిలబడ్డాక, మీరు తేల్చుకోవలసిన అసలు ప్రశ్న పైకి వస్తుంది. పరీక్ష దేనికోసం? పిల్లలను వరుసలో నిలబెట్టడానికే అయితే జవాబు చూపించడం వల్ల నష్టం వెనక నిలబడ్డవారికి. ఎవరికి ఏ పాఠం అర్థం కాలేదో టీచరు తెలుసుకోవడానికైతే నష్టం ఆ స్నేహితురాలికే, ఎందుకంటే ఆమెకు సాయం అవసరమన్న సంగతి టీచరుకు తెలియకుండా పోయింది.

ఇక్కడ ఇంకొక దారి కూడా కనిపిస్తుంది. మీలో ఇద్దరు ముగ్గురు కలిసి టీచరు దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల ఇంటి పరిస్థితి చెప్పి, మరో రోజు పరీక్ష పెట్టమని అడగవచ్చు. తప్పా ఒప్పా అన్న రెండు గదుల మధ్యనే తిరుగుతున్నంత సేపూ ఈ మూడో దారి ఎవరికీ తోచదు. నా అభిప్రాయం అడిగితే, జవాబు చూపించడం తప్పే, కానీ ఆ తప్పు వెనక ఉన్న కనికరం నిజమైనది, దాన్ని పోగొట్టుకోకుండానే తప్పును తప్పని ఒప్పుకోవచ్చు. నా మాటే తుది మాటగా తీసుకోనక్కరలేదు, మీరు కూర్చుని దీన్ని కూడా పరీక్షించండి.

ప్రశ్నల క్రమం విషయానికి వస్తాను. దూరంగా ఉన్న కథలతో మొదలుపెట్టి, తర్వాత మన ప్రాంతంలో అందరికీ తెలిసిన విషయాలకు వచ్చి, చివరికి మీ సొంత జీవితాల దగ్గరికి రండి. కథలో పాత్రను ఎంత గట్టిగా ప్రశ్నించినా ఎవరికీ నొప్పి కలగదు, అదే సమయంలో మీ ఏడుగురి ఆలోచనా తీరు ఒకరికొకరికి తెలిసివస్తుంది. ఇంగ్లీషు రాదన్న బెంగ ఇక్కడ అక్కరలేదు. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన తెలుగు చేసిన అరణ్యపర్వ శేషం చివర్లో యక్షప్రశ్నల ఘట్టం ఉన్నది. నలుగురు తమ్ముళ్ళూ పడిపోయి ఉండగా, ఒక్కరిని బతికిస్తాను, ఎవరు కావాలో చెప్పమని యక్షుడు అడుగుతాడు. యుద్ధంలో గెలిపించగల భీముడినో అర్జునుడినో కోరకుండా ధర్మరాజు నకులుడిని కోరతాడు, కుంతికి ఒక కొడుకుగా తాను ఉన్నాడు కాబట్టి మాద్రికి కూడా ఒక కొడుకు మిగలాలన్నది ఆయన ఇచ్చిన కారణం. దీన్ని గొప్ప ధర్మంగా వినడం మనకు అలవాటు. మీరు మాత్రం ఆగి ప్రశ్నించండి. రాబోయే యుద్ధంలో వేలమంది ప్రాణాలు భీమార్జునుల మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఇద్దరు తల్లుల మధ్య సమానత్వం చూడటం సరైనదేనా? ఫలితాన్ని చూడాలా, అందరినీ సమానంగా చూడాలా అన్న ఈ చిక్కు మీదనే ప్రపంచంలోని తత్త్వవేత్తలు నేటికీ వాదించుకుంటున్నారు.

ఆ తర్వాత నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో వెలిగిన తిక్కన తెలిగించిన ద్రోణపర్వానికి రండి. అశ్వత్థామ అనే ఏనుగును చంపి, కొడుకు చనిపోయాడని ద్రోణుడు నమ్మేలా ధర్మరాజు చేత సగం నిజం చెప్పించిన ఘట్టం అందరికీ తెలిసినదే. అంతవరకూ నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం ఆ మాటతో నేలకు దిగిందని భారతం చెబుతుంది. జర్మనీ తత్త్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ 1797లో రాసిన ఒక వ్యాసంలో, ఇంట్లో తలదాచుకున్న స్నేహితుడిని చంపడానికి వచ్చిన హంతకుడు అడిగినా సరే అబద్ధం చెప్పకూడదని వాదించాడు. రథం కిందికి దిగడం న్యాయమేనా, కాంట్ చెప్పినది మరీ కఠినం కాదా, సగం నిజానికీ పూర్తి అబద్ధానికీ తేడా ఉన్నదా అన్న మూడు ప్రశ్నలూ మీకు మూడు మధ్యాహ్నాలకు సరిపోతాయి. సోక్రటీసు శిష్యుడు ప్లేటో రాసిన ఉంగరం కథ కూడా మీ వయసుకు బాగుంటుంది. వేలికి పెట్టుకుని తిప్పితే మాయమయ్యే ఉంగరం దొరికినవాడు, ఎవరూ చూడరని తెలిసినప్పుడు కూడా న్యాయంగా ఉంటాడా అన్నది అందులోని ప్రశ్న. పర్యవేక్షకుడు బయటకు వెళ్ళిన పరీక్ష గదిలో కూర్చున్నవారికి ఆ ప్రశ్న వెంటనే అర్థమవుతుంది.

అందరూ మొదట చెప్పే రైలుబండి సమస్యను మాత్రం కొంతకాలం పక్కన పెట్టండి. ఇంగ్లండు తత్త్వవేత్త ఫిలిపా ఫుట్ 1967లో ప్రస్తావించిన ఆ సమస్యలో, అదుపుతప్పిన బండిని అయిదుగురి మీదికి పోనివ్వాలా, ఒక్కడి మీదికి మళ్ళించాలా అని అడుగుతారు. చాలా లోతైన ప్రశ్నే, కానీ కొత్తవారు దాన్ని లెక్కల పొడుపుకథలాగా తీసుకుని, చనిపోయేవారి సంఖ్య మార్చుకుంటూ వినోదిస్తారు.

రెండో దశలో మన ప్రాంతపు ప్రశ్నలు రావాలి. తత్త్వశాస్త్రం ఏథెన్సులోనో కాశీలోనో జరిగే పని అని మీ ఊళ్ళో ఎవరైనా అంటే, కలిగిరి మండలం దూబగుంట పేరు చెప్పు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్ళు తమ వాచకాల్లోని పాఠాల మీద మాట్లాడుకుంటూ, కూలి డబ్బంతా సారా కొట్టుకు పోవడం తమ తలరాత కాదన్న నిర్ణయానికి వచ్చారు. 1992లో దూబగుంటలో వాళ్ళు సారా దుకాణాన్ని మూయించిన తర్వాత ఉద్యమం జిల్లా అంతటా, రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. రోజంతా పొలం పని చేసి వచ్చిన ఆ అమ్మలు దీపం దగ్గర కూర్చుని "ఇది ఎందుకు ఇలా ఉంది, ఇలాగే ఉండాలా" అని అడగడమే తత్త్వవిచారణ. మీరు వేపచెట్టు కింద చేస్తున్నది కూడా అదే పని, అందుకే దాన్ని తక్కువగా చూడవద్దని నిన్ను మరీ మరీ కోరుతున్నాను.

ఆ ఉద్యమాన్ని గౌరవిస్తూనే దాని మీద కష్టమైన ప్రశ్నలు వేసుకోండి. ఇంగ్లండుకు చెందిన తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్, ఇతరులకు హాని జరగకుండా ఆపడానికి తప్ప ఒక వయోజనుడి ఇష్టానికి సమాజం అడ్డుపడకూడదని 1859లో రాశాడు. తాగుడు వల్ల పెళ్ళాం బిడ్డలు పస్తులుంటే అది ఇతరులకు జరిగిన హాని అవుతుందా? అయితే ఇంటికి డబ్బు ఇచ్చి మిగిలినదానితో తాగేవాడిని కూడా నిషేధం ఆపవచ్చా? అలాగే పొట్టి శ్రీరాములు విషయం ఉన్నది. 1952లో 58 రోజుల దీక్ష చేసి ప్రాణాలు విడిచిన సంగతి మీ పాఠాల్లో ఉంటుంది. దానికి ముందు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయన చేసిన దీక్ష సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. ప్రాణం పణంగా పెట్టడం ఎదుటివారి మనసు మార్చడమా, వారిని బలవంతపెట్టడమా? దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వకూడదని 1932లో ఎరవాడ జైలులో గాంధీ చేసిన నిరాహారదీక్షను అంబేద్కర్ తీవ్రంగా విమర్శించారు. మూలాపేట దీక్షకూ ఎరవాడ దీక్షకూ పోలికా ఉన్నది, పెద్ద తేడా కూడా ఉన్నది, ఎవరి హక్కు కోసం ఎవరి మీద ఒత్తిడి పడింది అన్న దగ్గర ఆ తేడా బయటపడుతుంది. పెద్దవాళ్ళ పట్ల భక్తి పోగొట్టుకోకుండా వారి పనులను విచారించడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం మన జిల్లాలో మరొకటి నాకు తోచదు.

కులం గురించి మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. మీలో ఎవరైనా అవమానాలు అనుభవించిన కుటుంబం నుంచి వచ్చి ఉంటే, "నీకు ఎలా అనిపించిందో చెప్పు" అని వారిని అందరి ముందూ అడగవద్దు. అది వారికి ఇంకొక భారం. తమంతట తాము చెప్పదలిస్తే మాత్రం, ఎదురు ప్రశ్నలు వేయకుండా పూర్తిగా వినండి.

ఇక రొయ్యల గుంటల సంగతి. నీకు కోపం రావడం సహజం, ఎందుకంటే ఆ మాట నీకు చేలు చౌడుబారడం గురించి కాకుండా మీ నాన్నగారి గురించి అన్నట్టు వినిపించింది. మీ నాన్నగారు అప్పు చేసి గుంట కౌలుకు తీసుకుని, మేత ధరకూ రోగాల భయానికీ ఎదురొడ్డి కుటుంబాన్ని పోషిస్తున్నారు. పక్క చేను రైతు కూడా అదే పని చేస్తున్నాడు, అతని నేలలో ఉప్పు చేరితే వరి పండదు, బావి నీళ్ళు పనికిరావు. మన తీరమంతటా ఉన్న చిక్కు ఇది. తీరప్రాంత రొయ్యల సాగు మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది, 2005లో పార్లమెంటు ఆ సాగును క్రమబద్ధం చేసే చట్టం తెచ్చి తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది. కనుక ప్రశ్నను "రొయ్యలు పెంచేవారు మంచివారా చెడ్డవారా" అని పెట్టకూడదు. ఒకరి జీవనోపాధి మరొకరి నేలను పాడుచేస్తున్నప్పుడు ఆ నష్టాన్ని ఎవరు భరించాలి, గుంట యజమానా, కౌలుదారా, రొయ్యలు కొని లాభపడే ఎగుమతిదారా, అనుమతి ఇచ్చిన ప్రభుత్వమా అని పెట్టాలి. అలా పెట్టిన రోజున మీ నాన్నగారు ముద్దాయి కారు, అందరికంటే ఎక్కువ విషయం తెలిసిన మనిషి అవుతారు. ఆయనకు ఇష్టమైతే గుంట దగ్గరికి మీ గుంపును తీసుకువెళ్ళు, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో, ఎక్కడికి వదులుతారో చూపించమను. మరో ఆదివారం చౌడుబారిన చేను రైతు దగ్గరికి కూడా అందరూ వెళ్ళండి. వాస్తవాలు తెలియకుండా తీర్పులు చెప్పడం ధర్మవిచారణ కాదు. అయితే ఇది మూడో దశ పని, తొందరపడవద్దు. ఎవరి ఇంటి విషయమైనా వారే ముందుకు వచ్చి పెట్టాలి తప్ప మిగిలినవారు లాగకూడదు.

ఒక్కో సమావేశం ఎలా నడపాలన్నదానికి ఒక పద్ధతి చెబుతాను. 1970లలో అమెరికాలో మాథ్యూ లిప్‌మన్ అనే తత్త్వవేత్త న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్‌లో పిల్లలకు తత్త్వశాస్త్రం నేర్పే సంస్థను స్థాపించి రూపొందించిన పద్ధతి ఇది. ముందుగా ఒక చిన్న కథను తలా కొంత బిగ్గరగా చదువుతారు. తర్వాత కథ విన్నాక తమకు తోచిన ప్రశ్నలను పిల్లలే చెబుతారు, ప్రతి ప్రశ్న పక్కనా అడిగినవారి పేరు రాస్తారు. అందులో ఒకదాన్ని అందరూ కలిసి ఎంచుకుని చర్చిస్తారు. దగ్గర ఉన్న ఉపాధ్యాయుడు జవాబు చెప్పడు, "ఎందుకు అలా అనుకుంటున్నావు", "దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఉన్నదా" అని మాత్రం అడుగుతాడు. మీరు ఈ ప్రశ్నలు అడిగే పనిని వంతులవారీగా పంచుకోండి. అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి అందుకోకూడదన్న కట్టుబాటు కూడా పెట్టుకోండి, లేకపోతే గొంతు పెద్దదైన ఇద్దరు అబ్బాయిలదే సభ అవుతుంది. మాట్లాడటం ఇష్టం లేనివారు ఆ పూటకు ఊరుకోవచ్చు. ఒక నోటు పుస్తకంలో ఆ రోజు ప్రశ్న, రెండు వైపులా వచ్చిన గట్టి కారణాలు, ఎవరైనా అభిప్రాయం మార్చుకుని ఉంటే ఆ సంగతి రాసిపెట్టుకోండి. అభిప్రాయం మార్చుకోవడం మీలో చిన్నతనం కాకుండా గౌరవంగా చూడబడాలి. గుంపుకు నీతి సంఘమనో ధర్మ పరిషత్తనో పేరు పెట్టకండి, మిగిలిన పిల్లలు మీరు తమ మీద తీర్పులు చెప్పడానికి కూర్చున్నారని అనుకుంటారు. నిజంగానే ఎవరి నడవడినీ సరిదిద్దే పనికి దిగవద్దు.

పెద్దవాళ్ళు ఉండాలా అని అడిగావు. ఉండాలనే నేను చెబుతాను, కానీ పక్కన. మీ తెలుగు టీచరునో సాంఘిక శాస్త్రం టీచరునో అడగండి, వారానికి ఒకసారి వచ్చి వింటే చాలు. యువకులను చెడగొడుతున్నాడన్న నేరం కూడా మోపి క్రీస్తు పూర్వం 399లో ఏథెన్సువారు సోక్రటీసుకు మరణశిక్ష వేశారు కదా, పిల్లలు ప్రశ్నలు అడగడం మొదలుపెడితే పెద్దలకు కొంత కలవరం కలగడం అన్ని కాలాల్లోనూ ఉన్నదే. చాటుగా చేస్తే ఆ కలవరం అనుమానమవుతుంది. ప్రధానోపాధ్యాయుడికి ముందే చెప్పి అనుమతి తీసుకోండి. శాస్త్రీయ దృక్పథాన్నీ, మానవతావాదాన్నీ, జిజ్ఞాసనూ పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని మన రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నదని, మీరు ఆ పనే చేస్తున్నారని వారికి వినయంగా చెప్పవచ్చు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి కూర్చునే గుంపు కాబట్టి బడి వేళల్లోనే, నలుగురూ చూసే చోటనే కూర్చోండి. సెలవు రోజు కలవాలనుకుంటే శాఖా గ్రంథాలయం మంచి చోటు. పెద్దవారి అండ ఇంకొక కారణం వల్ల కూడా అవసరం. మనసు విప్పి మాట్లాడుకునే చోట ఎవరైనా తమను కొడుతున్నారనో, ఇబ్బంది పెడుతున్నారనో బయటపెట్టవచ్చు. అది చర్చించవలసిన విషయం కాదు, వెంటనే నమ్మకమైన పెద్దవారికి చెప్పవలసిన విషయం. బాలల సహాయవాణి 1098కి ఎవరైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. మిగిలిన ఇంటి విషయాలు మాత్రం గుంపు దాటి బయటకు పోకూడదు.

మీ ఇంట్లోవారి మాట కొట్టిపారేయదగినది కాదు. పదో తరగతి ఫలితం మీద చాలా కుటుంబాల ఆశలు ఉన్నాయి, పేద ఇంటి పిల్లలకు అది మరీ ముఖ్యం. వారానికి ఒక్కసారి, ముప్పావు గంట చాలు. అంతకంటే ఎక్కువ తీసుకుంటే ఇంట్లోవారి వైపే న్యాయం ఉంటుంది. కారణం చెప్పి వాక్యాలు పేర్చడం అలవాటైతే వ్యాసరూప జవాబులు రాయడం తేలికవుతుందన్నది నిజమే గానీ, ఆ మాట చూపించి అనుమతి సంపాదించకు. మార్కుల కోసమని చెప్పి మొదలుపెట్టిన పనిని రేపు మార్కుల కోసమే ఆపమంటారు. నీకు ఇది ఎందుకు ముఖ్యమో నాకు రాసినంత నిజంగా అమ్మకూ నాన్నకూ చెప్పు. పబ్లిక్ పరీక్షలు సాధారణంగా మార్చిలో వస్తాయి కాబట్టి, వచ్చే ఏడాది సంక్రాంతి సెలవుల తర్వాత మీరు తప్పుకుని గుంపును కింది తరగతివారికి అప్పగించండి. అందుకోసం ఈ ఏడాదే ఎనిమిదో తరగతి నుంచి ఇద్దరు ముగ్గురిని చేర్చుకోండి. సంఖ్య పది దాటనివ్వవద్దు, దాటితే రెండు గుంపులు చేయండి.

మాట్లాడుకోవడం మానేసిన ఆ ఇద్దరి దగ్గరికి నువ్వు విడివిడిగా వెళ్ళు. ఎవరు సరి, ఎవరు తప్పు అన్న మాట ఎత్తకు. ఆ అబ్బాయితో, అతను చెప్పినదాంట్లో స్నేహితులు లేని పిల్లల గురించి ఒక విలువైన మాట ఉన్నదని, కానీ దాన్ని ఆ అమ్మాయి ముఖం మీద, అందరి ముందూ అనడం ఆమెను బాధించిందని చెప్పు. ఆ అమ్మాయితో, ఆమె కనికరాన్ని ఎవరూ తప్పుపట్టలేదని, ఆమె చేసిన పనిని మేమంతా అడగకుండా చర్చకు పెట్టడం పొరపాటని గుంపు తరఫున నువ్వే చెప్పు. వెంటనే కలిసిపోమని అడగవద్దు. వచ్చే వారం నకులుడి కథ చదువుతున్నామని, ఇద్దరూ రావాలని పిలువు. ఒకరు రాకపోతే ఆ వారం వచ్చినవారితో చదివి, నోటు పుస్తకంలో రాసిన ప్రశ్నలను రానివారికి తీసుకువెళ్ళి చూపించు.